కొత్త కుందేలొచ్చింది... పాత కుందేలు అలిగింది!

తోడుగా ఉంటుందని ముచ్చటపడి రెండో కుందేలును తెస్తాం. తీరా చూస్తే మొదటి రోజే బొచ్చు పీక్కుని, చెవులు కొరుక్కుని రెండూ చెరో మూలా వగరుస్తుంటాయి. తప్పెవరిది? పాతదానిదా, కొత్తదానిదా? రెంటిదీ కాదు... తొందరపడ్డ మనదే!

నౌపడకు కొత్తవాళ్లు కొత్త కాదు. హౌరా-చెన్నై రైలు మార్గంలో ఉన్న ఈ జంక్షనులో పెద్ద రైలు దిగి చిన్న రైలు ఎక్కేవాళ్ల సందడి వందేళ్లపాటు సాగింది. దగ్గర్లోని తేలినీలాపురానికైతే ఏటా చుట్టాలే. చలికాలానికి ముందే పెలికాన్లు, పెయింటెడ్‌ స్టార్క్‌ కొంగలు గుంపులు గుంపులుగా వచ్చి వాలతాయి. ఊళ్లోని చెట్లమీదే గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. పురిటికొచ్చిన ఆడపిల్లల్లా వాటిని చూసుకుంటారు ఆ ఊరివాళ్లు.

వచ్చినవాళ్లను ఇంతగా ఆదరించే ప్రాంతంలో ఓ ఇల్లు ఊహించుకోండి. ఏడాదిగా ఆ ఇంట్లో ఓ తెల్ల కుందేలుంది. పేరు బన్నీ. పెరట్లో జామచెట్టు కింద దాని బోను. సాయంత్రమైతే వరండా అంతా దానిదే రాజ్యం. కానీ పిల్లలు బడికి, నాన్న డ్యూటీకి వెళ్లిపోతే పగలంతా ఒక్కతే బిక్కుబిక్కుమంటూ కూర్చుంటుంది.

‘మామ్మా, పాపం దీనికో తోడు తెద్దామే’ అన్నారు పిల్లలు. ఓ ఆదివారం పూట పట్నంలోని పిట్టల దుకాణం నుంచి అట్టపెట్టెలో గోధుమరంగు పిల్ల దిగింది. పేరు కూడా దారిలోనే పెట్టేశారు... చిట్టి! ఇంటికి రాగానే పెట్టె తెరిచి తిన్నగా బన్నీ బోనులో వదిలారు. ఇక రెండూ ముక్కూ ముక్కూ రాసుకుని ఆడుకుంటాయని అందరూ చుట్టూ చేరారు.

ఒక్క క్షణం నిశ్శబ్దం. రెండు ముక్కులూ టకటకా ఆడాయి. అంతే! బన్నీ చెవులు వెనక్కి వాలిపోయాయి. గుర్రుమంటూ ఒక్క దూకు దూకింది. తెల్లబొచ్చు, గోధుమబొచ్చు కలిసి గాల్లో ఎగిరాయి. ‘ఏటర్రా ఇది! చంపేసుకునేలాగున్నాయి, తియ్యండర్రా’ అని మామ్మ కేక. తియ్యబోయిన పిల్లాడి వేలికి గాటు.

పేర్లు ఊహించుకున్నవే. జరిగింది మాత్రం ఊహ కాదు. రెండో కుందేలును తెచ్చి నేరుగా మొదటిదాని బోనులో వదిలిన ఇళ్లలో సాధారణంగా కనిపించే దృశ్యమే ఇది. కుందేలంటే సాధువు, నోరులేని జీవి అని మనకో నమ్మకం. దాని ఇంట్లో అడుగుపెట్టేదాకా అది నిజమే!

ముక్కుకు తెలిసే గట్లు

నౌపడలో ఉప్పుమడులను చూడండి. మడికీ మడికీ మధ్య గట్టుంటుంది. ఈ మడి ఎక్కడిదాకా, ఆ మడి ఎక్కణ్నుంచి అన్నది ఎవరూ చెప్పక్కర్లేదు, గట్టే చెబుతుంది. కుందేలు కూడా తన జాగాకు గట్లు వేసుకుంటుంది. కాకపోతే అవి కంటికి కనిపించవు. ముక్కుకు మాత్రమే తెలుస్తాయి.

కుందేలు గడ్డం కింద వాసన గ్రంథులుంటాయి. బోను అంచులకు, నీళ్ల గిన్నెకు, కుర్చీ కాళ్లకు, ఆఖరికి యజమాని పాదాలకు కూడా అది గడ్డం రుద్దుతుంది. మనం ముద్దు చేస్తోందనుకుంటాం. నిజానికి అది ‘ఇది నాది’ అని పెట్టే సంతకం. ఆ వాసన మన ముక్కుకు అందదు. మరో కుందేలుకు మాత్రం బోర్డు పెట్టినంత స్పష్టంగా తెలుస్తుంది. అది చాలదన్నట్టు మూలమూలలా పెంటికలు వేయడం, మూత్రం చిమ్మడం కూడా సరిహద్దు రాళ్లు పాతడంలాంటివే.

ఈ సంగతులను లోతుగా తెలుసుకోవాల్సిన అవసరం మొదట ఆస్ట్రేలియాకు వచ్చింది. 1859లో థామస్‌ ఆస్టిన్‌ అనే భూస్వామి వేట సరదా కోసం ఇంగ్లండు నుంచి 24 కుందేళ్లను తెప్పించి విక్టోరియాలోని తన ఎస్టేటులో వదిలాడు. కొన్ని దశాబ్దాలు తిరిగేసరికి అవి కోట్లకు పెరిగి పంటల్ని, పచ్చికబయళ్లను నమిలేశాయి. దాంతో కుందేలు బతుకును చదవడం అక్కడి శాస్త్రవేత్తలకు తప్పలేదు. 1950, 60 దశకాల్లో ఆ దేశ ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓలో పనిచేసిన రొమన్‌ మైకిటోవిచ్‌ ఈ గడ్డం గ్రంథుల మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేశాడు. గుంపులో పెత్తనం చేసే మగ కుందేళ్లకు ఈ గ్రంథులు పెద్దవిగా ఉంటాయనీ, మిగతావాటికంటే అవే ఎక్కువగా గడ్డం రుద్దుతాయనీ తేల్చాడు.

ఇలాంటి పరిశోధనల్లో తేలిన మరో విషయం కూడా ముఖ్యమే. మనం పెంచుకునే కుందేళ్ల పూర్వీకులు ఐరోపా అడవి కుందేళ్లు. అవి నేలలో బొరియలు తవ్వుకుని గుంపులుగా బతుకుతాయి. ఒకదాన్నొకటి నాకి శుభ్రం చేసుకుంటాయి, ఒరుసుకుని పడుకుంటాయి. ఆ గుంపులో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న లెక్క ఉంటుంది. ఆ గుంపుది కానిది హద్దు దాటి వస్తే తరిమికొడతాయి.

అంటే... కుందేలుకు తోడు కావాలన్నదీ నిజమే, తోడు తెస్తే మీద పడుతుందన్నదీ నిజమే! బన్నీకి చిట్టి మీద పగేమీ లేదు. దాని లెక్కలో చిట్టి చుట్టం కాదు, గోడ దూకి వచ్చిన దొంగ. ఆ దొంగను చుట్టంగా మార్చడమే మన పని. దానికి కావలసింది ప్రేమకంటే ముందు ఓపిక.

జోడీ చూసి తేవాలి

సగం గొడవలు దుకాణంలోనే మొదలవుతాయి. ‘రెండూ ఆడవే సార్‌’ అన్న మాట నమ్మి తెచ్చుకుంటాం. రెండు నెలలలోపు పిల్లల్లో ఆడామగా తేడా చెప్పడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. మగవాటి వృషణాలు బయటికి కనిపించేది సుమారు పది పన్నెండు వారాల వయసులో. కాబట్టి ఆడో మగో పశువైద్యుడి దగ్గర ఒకసారి ఖాయం చేసుకున్నాకే రెండింటినీ కలిపే ఆలోచన చేయాలి.

ఎదిగిన మగ కుందేళ్లు రెండు, ఆపరేషన్‌ చేయించకుండా ఒకచోట ఉండటం అన్నిటికంటే ప్రమాదం. ఒకదాని మర్మాంగాలను మరొకటి కొరికేంతగా పోట్లాడతాయి. ఆడవి రెండైనా గూడు దగ్గరికొచ్చేసరికి ఊరుకోవు. ఒక మగ, ఒక ఆడ అయితే జోడీ తేలిగ్గా కుదురుతుంది. కానీ అప్పుడొచ్చే చిక్కు వేరు. కుందేలు కట్టి ఉండేది 30 నుంచి 32 రోజులే. ఒక్కో ఈతకు నాలుగు నుంచి ఎనిమిది పిల్లలు మామూలు. ఈనిన రోజుల్లోనే మళ్లీ కట్టగలదు కూడా. తోడుగా తెచ్చిన ఒక్కటి నెల తిరిగేసరికి ఇల్లంతా నింపేస్తుంది.

అందుకే రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌ చేయించి, ఒక మగ, ఒక ఆడ జోడీగా పెంచడమే అన్నిటికంటే మంచి పద్ధతి. ఆపరేషన్‌ తర్వాత జాగా గొడవ, మూత్రం చిమ్మడం రెండూ బాగా తగ్గుతాయి. వయసు మీదపడిన ఆడ కుందేళ్లలో ఎక్కువగా కనిపించే గర్భసంచి క్యాన్సర్‌ బెడదా ఉండదు. అయితే ఆపరేషన్‌ అయిన మరునాడే మగదాన్ని ఆడదానితో కలపకూడదు. నాలుగు నుంచి ఆరు వారాలదాకా దానికి పిల్లల్ని పుట్టించే శక్తి ఉండొచ్చు.

పశువులకు, కుక్కలకు వైద్యం చేసే ప్రతి డాక్టరుకూ కుందేలు మత్తుమందు మీద చేయి తిరిగి ఉండకపోవచ్చు. ‘కుందేళ్లకు ఇంతకుముందు చేశారా’ అని అడగడంలో తప్పులేదు. దగ్గర్లో అలాంటివారు లేకపోతే విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాలలోనో, విశాఖపట్నంలోనో వాకబు చేయొచ్చు. మరో సంగతి... ఆపరేషన్‌ ముందు మనుషుల్లా కుందేలును పస్తు ఉంచకూడదు. దానికి వాంతి కాదు, పైగా పొట్ట ఖాళీ అయితే దాని పేగులు మొరాయిస్తాయి.

ఇక పసిపిల్లను తెస్తే గొడవే ఉండదన్నది మరో అపోహ. చిన్నప్పుడు పాతది ఊరుకోవచ్చు. పిల్లకు మూడు నాలుగు నెలలు నిండి ఈడొచ్చేసరికి నిన్నటిదాకా కలిసి తిన్నవే ఒక్కసారిగా కలబడతాయి. పైగా తల్లి దగ్గర కనీసం ఎనిమిది వారాలు పెరగని పిల్లను తెస్తే అది బతకడమే కష్టం.

రెండు వారాలు వేరే గదిలో

కొత్తదాన్ని తెచ్చిన రోజున పాతదానికి చూపించనే కూడదు. కనీసం రెండు వారాలు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచాలి. చెవుల్లో గోధుమరంగు పొక్కులు కడుతున్నాయా, ముక్కు కారుతోందా, ముక్కు అంచున, కాళ్ల వేళ్ల దగ్గర గజ్జి ఉందా, పెంటికలు గుండ్రంగా గట్టిగా ఉన్నాయా అని రోజూ చూడాలి. ముందు పాతదానికి మేత పెట్టి, తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్లాలి. మధ్యలో చేతులు కడుక్కోవాలి.

ఇక్కడే చాలామంది సొంతవైద్యానికి దిగుతారు. కుక్కలకు పేలు పోవడానికి వాడే ఫిప్రోనిల్‌ మందు కుందేలుకు విషం. పిల్లల దగ్గుకు తెచ్చిన అమాక్సిసిలిన్‌ ఇంట్లో ఉంది కదా అని నోట్లో వేస్తే దాని పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి ప్రాణం మీదికొస్తుంది. డాక్టరు చెప్పకుండా ఏ మందూ వద్దు.

గోడకు అటూ ఇటూ

రెండు వారాలయ్యాక రెండు బోన్లనూ పక్కపక్కన పెట్టాలి. మరీ ఆనించి కాదు. మధ్య జానెడు దూరం ఉండాలి. లేకపోతే ఊచల్లోంచే ముక్కులు, కాలివేళ్లు కొరుక్కుంటాయి. మొదట్లో ఊచల మీదికి దూకుతాయి, వెనక కాళ్లతో నేలను దబదబా బాదుతాయి. కంగారుపడక్కర్లేదు.

ఇప్పుడు వాసనలు మార్చాలి. బన్నీ పడుకున్న గుడ్డ చిట్టి బోనులో, చిట్టి పడుకున్న గుడ్డ బన్నీ బోనులో వేయాలి. మూడు నాలుగు రోజులయ్యాక ఏకంగా కుందేళ్లనే మార్చేయాలి. దీని బోనులో అదీ, దాని బోనులో ఇదీ. రోజు విడిచి రోజు ఇలా చేస్తే ‘ఇది నా జాగా’ అన్న గట్టు కొంచెం కొంచెంగా కరుగుతుంది.

మేత వేళ మరీ ముఖ్యం. రెండింటికీ గరిక, ఎండుగడ్డి, కాస్త తోటకూర, కొత్తిమీర, ముల్లంగి ఆకు... ఊచలకు అటూ ఇటూ ఒకే సమయంలో పెట్టాలి. మొదట దూరంగా, రోజులు గడిచేకొద్దీ దగ్గరగా. ‘అది కనిపిస్తే నాకు మంచి మేత దొరుకుతుంది’ అన్న లెక్క దాని బుర్రలోకి ఎక్కాలి. పక్కన అది ఉన్నా పట్టించుకోకుండా మేస్తున్నాయన్నా, ఊచల పక్కనే కాళ్లు చాపుకుని పడుకుంటున్నాయన్నా సగం పని అయినట్టే. దీనికి వారం పట్టొచ్చు, నెలా పట్టొచ్చు.

ఎవరిదీ కాని చోట

అసలు పరీక్ష ఇప్పుడు. రెండింటినీ ముఖాముఖి కలిపే చోటు ఎవరి ఇల్లూ కాకూడదు. బన్నీ తిరిగే వరండా వద్దు, పెరడు వద్దు. అది ఎప్పుడూ అడుగుపెట్టని గదైతే మంచిది. అలాంటిది లేకపోతే స్నానాలగది చాలు. నేల జారకుండా పాత గోనెపట్టా పరవాలి. రెండు మూడు అట్టపెట్టెలు పెట్టి, ఒక్కోదానికి రెండేసి దారులు కోయాలి. ఒకటి తరిమితే మరొకటి లోపలికి దూరి అటువైపు నుంచి బయటపడగలగాలి. ఒకే దారి ఉన్న పెట్టె బోనుతో సమానం. మధ్యలో ఒకే గిన్నె కాకుండా, ఆకులు నాలుగైదు చోట్ల చల్లాలి.

మొదటిరోజు 10 నిమిషాలు చాలు. అలా రోజూ కలుపుతూ, అంతా సవ్యంగా ఉంటే 15, 20, 30 నిమిషాలు చేసుకుంటూ పోవాలి. అన్నీ బాగున్నప్పుడే ఆపేయాలి. గొడవ అయ్యాక విడదీస్తే ఆ గొడవే గుర్తుండిపోతుంది.

ఏది మంచి, ఏది చెడు? రెండూ పట్టించుకోనట్టు చెరో మూలా మేస్తుంటే మంచిదే. ఒకటి తల వంచి రెండోదాని ముక్కు కింద పెడితే ‘నన్ను నాకు’ అని అడుగుతున్నట్టు. రెండోది నాకితే సంబరం చేసుకోవచ్చు. కాస్త తరమడం, మీదెక్కడం, కొంచెం బొచ్చు లాగడం... ఇవన్నీ పెద్దరికం తేల్చుకునే తంతు. ఎక్కించుకున్నది కదలకుండా ఊరుకుంటే కొద్దిసేపు చూస్తూ ఉండొచ్చు. తల వైపు నుంచి మీదెక్కితే మాత్రం వెంటనే దించాలి. కిందది కొరికితే పైదానికి పెద్ద గాయమవుతుంది.

చెవులు వీపుకు అంటుకుని, తోకలు నిక్కబొడుచుకుని, ఒకదాని చుట్టూ ఒకటి గిరగిరా తిరుగుతున్నాయంటే అది ఆట కాదు, యుద్ధానికి ముందు మాట! వెంటనే మధ్యలోకి అట్టముక్కో, చీపురో అడ్డం పెట్టాలి.

పంచతంత్రంలో కపింజలం కథ గుర్తుందా? ఆ పిట్ట కొన్నాళ్లు ఊరెళ్లి వచ్చేసరికి దాని తొర్రలో ఓ కుందేలు కాపురం పెట్టేసి ఉంటుంది. తొర్ర నాదంటే నాదని రెండూ తగవుపడి, తీర్పు చెప్పమని పిల్లి దగ్గరికెళతాయి. దొంగజపం చేస్తున్న పిల్లి రెండింటినీ దగ్గరికి రమ్మని మింగేస్తుంది. జాగా తగవులో తీర్పరి సరైనవాడు కాకపోతే రెండు పక్షాలూ పోతాయన్నది నీతి. బన్నీ, చిట్టిల తగవులో తీర్పరులు ఇంట్లో పెద్దవాళ్లే కావాలి. ఫోను మోగిందనో, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయనో ‘రెండు నిమిషాలే కదా’ అని వదిలి వెళ్లకూడదు. అన్నట్టు, నిజం పిల్లుల్నీ వీధికుక్కల్నీ కూడా దగ్గరికి రానీయకూడదు. బోను బయట అవి తిరుగుతుంటే ఆ భయం, ఆ కోపం పక్కనున్న కుందేలు మీద తీరుతుంది.

చేతులు పెట్టొద్దు

రెండూ కలబడితే వట్టి చేతులతో విడదీయకూడదు. కుందేలు ముందుపళ్లు ఉలుల్లాంటివి. వేలిలో దిగితే లోతుగా దిగుతాయి. దళసరి తువ్వాలు మీద కప్పి తీయాలి. పిల్లలకు ఈ పని అప్పగించకూడదు. చెవులు పట్టి ఎత్తడం అసలే వద్దు. వెనక కాళ్లకు ఊతం లేకుండా ఎత్తితే అది గింజుకున్న ఊపుకు దాని నడుం ఎముకే విరిగిపోవచ్చు. ఒక చేయి ఛాతీ కింద, రెండో చేయి పిరుదుల కింద ఉండాలి.

గొడవ అయ్యాక ఒళ్లంతా వేళ్లతో తడిమి చూడాలి. బొచ్చు కింద చిన్న గాటు కంటికి ఆనదు. నాలుగు రోజులకు అది చీముగడ్డ అవుతుంది. కుందేలు చీము జున్నులా గట్టిగా ఉంటుంది, దానంతటది కారిపోదు, డాక్టరే తీయాలి. గాయం లేకపోయినా బెదిరిపోయిన కుందేలు మేత మానేస్తుంది. పూటంతా మేత ముట్టలేదన్నా, పెంటికలు వేయలేదన్నా ‘రేపు చూద్దాంలే’ అనుకోవడానికి లేదు. 12 గంటలు దాటకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఎండల్లో వద్దు

కుందేలుకు మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడిని చెవుల ద్వారా బయటికి పంపుకోవాలి. 30 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది. సముద్రపు ఉక్కపోత తోడైన నౌపడలాంటి చోట్ల ఏప్రిల్‌ నుంచి జూన్‌ దాకా అది బతకడమే ఒక పని. అలాంటప్పుడు తరుముకోవడాలు, పోట్లాటలు పెడితే వడదెబ్బతో పడిపోతుంది. జోడీ కలపడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదును. వేళల్లో తెల్లవారుజాము, మునిమాపు. కుందేళ్లు సహజంగా హుషారుగా ఉండేదీ, మేసేదీ అప్పుడే.

తప్పనిసరై వేసవిలో తెచ్చుకుంటే రెండు గదుల్లో రెండింటినీ చల్లగా ఉంచి, కలిపే పని వాయిదా వేయాలి. సీసాలో నీళ్లు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి బోనులో పెడితే దానికి ఒరుసుకుని పడుకుంటాయి. తుపాను హెచ్చరికలుండే అక్టోబరు, నవంబరుల్లో ఒక్కోదానికి ఒక్కో బుట్ట సిద్ధంగా ఉంచుకోవాలి. హడావుడిలో రెండింటినీ ఒకే పెట్టెలో కుక్కితే బయటి గాలివాన కంటే లోపలి గాలివానే ఎక్కువ నష్టం చేస్తుంది.

ఇక ఒకే గూడు

ఎవరిదీ కాని చోట వరసగా కొన్ని రోజులు గంటల తరబడి కలిసి మేసి, పక్కపక్కన పడుకుని, ఒకదాన్నొకటి నాకుతుంటే అప్పుడు ఇల్లు మార్చొచ్చు. పాత బోనే వాడేట్టయితే వెనిగర్‌ కలిపిన నీళ్లతో ఊచలూ మూలలూ కడిగి, ఎండబెట్టి, లోపలి సరంజామా అంతా తిరగేయాలి. గిన్నెలు ఒక పక్కవి ఇంకో పక్కకు, పడక ఈ మూలది ఆ మూలకు. వీలైతే బోనునే వేరేచోటికి జరపాలి. బన్నీ లోపలికెళ్లి చూస్తే ‘ఇదెవరిల్లు?’ అనుకోవాలి. అప్పుడు అదీ కొత్తదే, చిట్టీ కొత్తదే. ఇద్దరూ అద్దెకు దిగినవాళ్లే!

గిన్నెలు రెండు, నీళ్లు రెండు చోట్ల, దాక్కునే పెట్టెలు రెండు. వాటాలు సరిపోకపోతే మనుషుల్లోనే పొరపొచ్చాలొస్తాయి. ఒక్కసారి జత కుదిరాక వాటిని విడదీయకూడదు. ఒకదానికి జబ్బుచేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సి వస్తే రెండోదాన్నీ తీసుకెళ్లాలి. ఒకటే వెళ్లి ఆసుపత్రి వాసనతో తిరిగొస్తే ఇంట్లో ఉన్నది దాన్ని గుర్తుపట్టక మళ్లీ మొదటికే రావచ్చు.

కుదరకపోతే?

అన్నీ చేసినా కొన్ని జతలు కుదరవు. అది ఎవరి ఓటమీ కాదు. పక్కపక్క బోన్లలో, ఒకదాన్నొకటి చూసుకుంటూ, వంతులవారీగా వరండాలో తిరుగుతూ బతికినా చాలు. మధ్యలో ఊచలున్నా తోటి కుందేలు వాసన, అలికిడి దానికి తెలుస్తూనే ఉంటాయి. బలవంతంగా ఒకేచోట ఉంచి ‘అవే సర్దుకుంటాయిలే’ అనుకోవడమే తప్పు. కుందేలు సరిగా చూసుకుంటే ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. ఐదో తరగతి పిల్లాడు తెచ్చుకున్నది వాడు కాలేజీకి వెళ్లేదాకా ఇంట్లో ఉంటుందన్నమాట. అన్నేళ్ల కాపురానికి నాలుగు వారాల పెళ్లిచూపులు ఎక్కువేం కాదు. రెండోదాన్ని చూసుకునే చోటు, తీరిక, డాక్టరు ఖర్చు భరించే ఓపిక లేవనుకుంటే తేకపోవడమే దానికి చేసే మేలు. ఉన్న ఒక్కదానితోనే రోజూ ఓ గంట నేలమీద కూర్చుని గడిపితే ఆ గంటసేపు మీరే దాని తోడు.

పొలంలో దొరికిన పిల్లను తేవొద్దు

కోతల సమయంలోనో, జీడితోటల్లోనో చెవులపిల్లి పిల్లలు కనిపిస్తుంటాయి. ‘ఇంట్లో కుందేలుంది కదా, దానికి తోడు’ అని ఎత్తుకొచ్చేస్తారు పిల్లలు. చూడ్డానికి ఒకలాగే ఉన్నా ఇవి వేరే జాతి. మన పొలాల్లో తిరిగేది భారతీయ అడవి కుందేలు. అది బొరియ తవ్వదు. పొదల చాటున నేలమీదే పడుకుంటుంది. దాని పిల్లలు కళ్లు తెరిచి, ఒంటినిండా బొచ్చుతో పుడతాయి. ఇంట్లో పెంచే కుందేలు పిల్లలు కళ్లు మూసుకుని, బొచ్చు లేకుండా పుడతాయి. ఈ రెండు జాతులకూ పొత్తు కుదరదు, పిల్లలూ పుట్టవు.

పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి కుందేలును పట్టడం, పెంచడం నేరం. ఒంటరిగా కనిపించిన పిల్ల అనాథ కాదు. తల్లి పగలంతా దూరంగా ఉండి, చీకటి పడ్డాక వచ్చి పాలిచ్చి వెళుతుంది. ఉన్నచోటే వదిలేస్తే అదే బతుకుతుంది. గాయపడితే అటవీశాఖ సిబ్బందికి చెప్పాలి.

గినీ పందిని తోడు తేవడమూ మంచిది కాదు. కుందేలు ఒక్క తన్ను తంతే దాని ఎముకలు విరుగుతాయి. కుందేలుకు ఏమీ చేయని కొన్ని సూక్ష్మజీవులు దానికి ఊపిరితిత్తుల జబ్బు తెస్తాయి.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నది మన సామెత. కుందేలు కూడా అంతే మొండిది. తాను గడ్డం రుద్దిన జాగా తనదే అంటుంది. దాని మొండితనాన్ని మన మొండితనంతో గెలవలేం. వాసన వాసనగా, అడుగడుగుగా గట్టు కరిగించుకుంటూ పోవడమొక్కటే దారి.

ఆ సంగతి నౌపడ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గుణుపూరు వెళ్లే చిన్న పట్టాలు ఒకవైపు, హౌరా-చెన్నై పెద్ద పట్టాలు ఒకవైపు... దశాబ్దాలపాటు పక్కపక్కనే ఉన్నా ఒక రైలు మరో దారి మీద నడవలేదు. 2004లో చిన్న రైలును ఆపి, పట్టాలు మార్చే పని పెట్టుకుంటే 2011లో గానీ గుణుపూరుదాకా పెద్ద రైలు కూత వినిపించలేదు. రెండు కొలతల దారుల్ని ఒకటి చేయడానికి ఏడేళ్లు ఓపిక పట్టిన ఊరికి, రెండు కుందేళ్లను ఒకటి చేయడానికి ఏడు వారాలు ఓ లెక్కా!